చాలన్న మాట

మా టెన్నిస్ ఆటలో ఒక మాటుంది: లక్కీ లూజర్. ఓడిపోయిన అదృష్టవంతురాలట. ఆ పేరు పెట్టినవాడు జన్మలో ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోయి ఉండడు. అసలు పోటీలోకి, అంటే మెయిన్ డ్రాలోకి రావాలంటే చాలినంత ర్యాంకు లేనివాళ్ళు ముందు క్వాలిఫయింగ్ గెలవాలి. అందులో ఆఖరి మ్యాచ్ ఓడిపోయినవాళ్ళు ఇంటికి పోకుండా కోర్టుల చుట్టూ తిరుగుతూ ఉంటారు. రోజూ పొద్దున్నే ఆఫీసులో సంతకం పెడతారు. లోపల ఆడబోయేవాళ్ళలో ఎవరికైనా నడుం పట్టేసిందా, కడుపు చెడిందా అని కనిపెట్టుకుని కూర్చుంటారు. ఎవరైనా తప్పుకుంటే ఆ చోటు వీళ్ళకి దక్కుతుంది. అందుకని కనబడ్డ ప్రతివాళ్ళనీ "ఒంట్లో ఎలా ఉంది?" అని మహా ఆప్యాయంగా పలకరిస్తారు. నేనూ ఒకప్పుడు అలా పలకరించినదాన్నే కాబట్టి నవ్వే హక్కు నాకుంది.

ఆ వారం బ్వేనోస్ ఐరిస్‌లో లక్కీ లూజర్ల వరసలో మొదటి పేరు యనీనాది, అదే మా యానిది. లోపల ఆడబోయేవాళ్ళలో ఒళ్ళు సరిగ్గా లేనిదాన్ని నేను. ఇద్దరిదీ కొంకోర్దియా ఊరే. ఇద్దరం యాని వాళ్ళ పిన్ని ఫ్లాట్‌లో ఒకే గదిలో దిగాం. రాత్రి నా మోకాలికి ఐసు పెట్టింది కూడా యానియే.

మా ఊళ్ళో నది పక్కన, నారింజ తోటల చివర, మూడు ఎర్రమట్టి కోర్టులున్న క్లబ్బు ఒకటుంది. అక్కడ మాకు ఆట నేర్పింది ఇర్మా. ఆవిడ చేతిలో బంతుల బుట్ట, నోట్లో తిట్ల బుట్ట. ఒకదాని వెనక ఒకటి బంతులు విసురుతూనే ఉండేది. మనం "గ్రాసియాస్" అనేదాకా ఆపేది కాదు. అది మా దేశంలో టీలాంటి మాతే తాగే దగ్గర పద్ధతి. ఒకరు సొరబుర్రలో ఆకు వేసి, వేడినీళ్ళు పోసి, వంతులవారీగా అందిస్తూ ఉంటారు. పుచ్చుకుని, గొట్టంతో పీల్చి, బుర్ర తిరిగి ఇచ్చెయ్యడమే. మధ్యలో "గ్రాసియాస్" అన్నామంటే మామూలు థాంక్స్ కాదు. నాకిక చాలు, నా వంతు తీసెయ్యి అని. ఇర్మా ఆ మాటని కోర్టులోకి తెచ్చింది. మా క్లబ్బు పిల్లలకి ఆ మాట అనడం కన్నా వాంతి చేసుకోవడం నయం. యాని చేసుకుంది కూడా. నేను ఒకసారి కళ్ళు తిరిగి పడిపోయాను. మాట మాత్రం ఇద్దరి నోటా రాలేదు.

డబుల్స్‌లో ఇద్దరం కలిసి పెరిగాం. ఆ తర్వాత నేను పైకొచ్చాను, అది గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఎందుకలా జరిగిందో నన్నడగొద్దు. నా కన్నా దాని చెయ్యి మెత్తన, కాళ్ళు చురుకు. ఆఖరి మ్యాచ్ అనేసరికి మాత్రం దాని భుజం బిగుసుకుపోయేది. ఎన్ని ఊళ్ళలో, ఎన్ని దేశాల్లో క్వాలిఫయింగ్ ఆఖరి మ్యాచ్ ఓడిపోయిందో దానికే లెక్క లేదు. మా ఊరి రేడియోవాడు "గుమ్మం పెరుత్తి" అని పేరు పెట్టాడు. దాని ఇంటిపేరు పెరుత్తి. అది ఆ పేరు విని నవ్వేది. అలా నవ్వగలగడం నాకు చేతకాదు.

నా సంగతి వేరు. ఇరవై మూడేళ్ళకి నా ర్యాంకు యాభై ఎనిమిది. బొగొతాలో కప్పు గెలిచి వస్తే ఫైరింజన్ మీద ఎక్కించి ఊరంతా తిప్పారు. బేకరీవాడు ఒక తీపి బన్నుకి నొయేలియా అని నా పేరు పెట్టాడు. రెండేళ్ళు నేలమీద నడవలేదు. మూడో ఏడు ఎడమ మోకాలు పోయింది. కోసి కుట్టారు. తిరిగొచ్చి నూట ముప్పై దాకా పాకాను. మళ్ళీ పోయింది, మళ్ళీ కుట్టారు. ఈసారి పేరే జాబితాలోంచి పోయింది. రాకెట్ల కంపెనీవాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు. బేకరీవాడు బన్ను పేరు మార్చి, ఒక ఫుట్‌బాల్ కుర్రాడి పేరు పెట్టాడు. అదే బన్ను. సిగ్గు కూడా లేదు.

ఆ రోజుల్లో నాకు ఫోన్ చేసేవాళ్ళు ఇద్దరు మిగిలారు. ఇర్మా తిట్టడానికి, యాని నవ్వించడానికి.

"ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తేనే బక్కా," అనేది యాని. చిన్నప్పటి నుంచీ నన్ను బక్కా అనే పిలుస్తుంది.

"మరి నువ్వు?"

"నేను నిలబడ్డ మేకని. నా బతుకే హాయి. పడినా ఎవడికీ వినబడదు."

మాలాంటివాళ్ళ కోసం ఒక సౌకర్యం ఉంది. గాయంతో చాలాకాలం పక్కకి పోయినవాళ్ళని వాళ్ళ పాత ర్యాంకుతో కొన్ని పోటీల్లో ఆడనిస్తారు. నాకు మిగిలిన ఆఖరి పోటీ ఇదే. ఇది అయిపోతే నేను మళ్ళీ ఎక్కడో అడుగున, పదహారేళ్ళ పిల్లలతో మొదలెట్టాలి. ముప్పై ఒకటో ఏట, ఈ మోకాలితో, అది జరగదు. పైగా మా దేశంలో ఆడవాళ్ళకి ఇంత పెద్ద పోటీ పెట్టి ఎన్నేళ్ళయిందో. సొంత మనుషుల ముందు, పెద్ద కోర్టులో, ఒక్కసారి ఆడాలి. గెలవాలని కూడా కాదు. అంపైర్ నా పేరు చెప్పి, జనం సద్దుమణిగి, బంతి నా చేతిలో ఉండి, ఇంకా ఏదీ మొదలవని ఆ క్షణం ఉంటుందే, అది కావాలి. మూడేళ్ళుగా దాని కోసమే పొద్దున్నే లేచాను.

యానికి కావలసింది కూడా అదే. తేడా ఏమిటంటే నేను దాని రుచి చూశాను, అది చూడలేదు.

మంగళవారం నా మ్యాచ్. పొద్దున్న లేచేసరికి మోకాలు బన్నులా ఉబ్బి ఉంది. యాని నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని, పక్కన ఫ్లాస్కు, సొరబుర్ర పెట్టుకుని, కట్టు విప్పి చూసింది.

"వాపు కొంచెం తీసిందే," అంది.

"అలా చెప్తే నీకేం లాభం?"

"లాభం చూసుకునేదాన్నయితే రాత్రే నీ మోకాలి మీద ఇస్త్రీపెట్టె పడేసి, అయ్యో చెయ్యి జారిందే అనేదాన్ని."

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు అంత బాగా రాలేదు. అప్పుడే ఇర్మా ఫోన్ చేసింది. వెనక బస్సు హోరు, ఎవడో డ్రమ్ము కొడుతున్నాడు.

"ఏమే, బతికే ఉందా నీ మోకాలు? తెల్లారకుండా బయల్దేరాం. క్లబ్బంతా బస్సులోనే ఉంది. నీ పేరు రాసిన గుడ్డ కూడా తెస్తున్నాం, ఇద్దరు మోస్తే గాని లేవట్లేదు. గెలుస్తావో ఛస్తావో నాకు తెలీదు, ముందు నిలబడు. యాని ఉందా పక్కన?"

"ఉన్నా," అంది యాని.

"ఆదివారం నీ డ్రాప్ షాట్ ఫోన్లో చూశానే. మా పిల్లి కూడా చూసింది. అది లేచి వేరే గదిలోకి పోయింది."

ఫోన్ పెట్టేశాక యాని మళ్ళీ కట్టు అందుకుంది. గుడ్డ మీద తన పేరు లేదని బాధపడే మనిషి కాదు. అయినా కట్టు చుడుతున్న చేతులు కాసేపు ఆగాయి. బుర్రలో నీళ్ళు పోసి నాకిచ్చింది. నేను పీలుస్తుంటే తలెత్తకుండా అడిగింది:

"నిజం చెప్పవే. ఆడగలవా?"

మూడు రోజులుగా నాలిక చివర పెట్టుకుని మింగేస్తున్న ప్రశ్న అది. నాకు తెలుసు. ఆడతాను అనాలి. ఆడగలను అనడానికి నోరు రాలేదు. దాని చేతులకేసి చూస్తున్నాను. కట్టు ఎక్కడ బిగించాలో ఎక్కడ వదలాలో డాక్టర్ల కన్నా దానికే బాగా తెలుసు. తన నోటి దాకా వచ్చిన ముద్ద నా నోట్లో పెట్టడానికి అంత శ్రద్ధగా కట్టు కడుతోంది. బుర్ర తిరిగి ఇస్తూ అనేశాను:

"గ్రాసియాస్, యాని."

కట్టు కట్టినందుకు అన్నాను. పదేళ్ళు పరాయి దేశాల హోటళ్ళలో బతికి, తలుపు తీసినవాడికీ ఉప్పు అందించినవాడికీ థాంక్స్ చెప్పి చెప్పి, నా నోటికి ఆ జబ్బు పట్టుకుంది. మా ఊళ్ళో పుట్టిన యానికి ఏం వినబడుతుందో ఆ క్షణంలో తోచలేదు. ఫ్లాస్కు నిండా నీళ్ళున్నాయి. నేను తాగింది మొదటి బుర్ర. మొదటి బుర్రతో ఎవరూ చాలనరు, నేనైతే అసలే అనను.

యాని బుర్ర పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"నిజంగానా?" అంది. గొంతు మరీ చిన్నదైపోయింది.

"నిజంగానే. నువ్వు లేకపోతే నేనేమైపోదును."

అది నన్ను పట్టుకుని ఏడ్చింది. నా నెత్తిన ముద్దు పెట్టింది. చిన్నప్పుడు మొదటి కప్పు గెలిచినప్పుడు కూడా దాని మొహం అలా వెలగలేదు. లేచి బూట్లు వేసుకుంది, రాకెట్ల సంచీ భుజాన వేసుకుంది.

"సంతకానికి టైమైపోతోందే. నేను ముందు పరిగెడతా. నువ్వు మెల్లగా టాక్సీలో రా. డాక్టర్ గది దగ్గర కలుద్దాం. నీ రుణం... ఛీ, ఏమనాలో కూడా తెలీట్లేదు!"

డాక్టర్ అన్న మాట దగ్గర నాకు వెలిగింది. తప్పుకునేవాళ్ళు ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి. అప్పటికే తలుపు ధడాలున పడింది.

నేను మంచం దిగి వాకిట్లోకి వచ్చేసరికి అది మెట్ల మీద గెంతుకుంటూ పోతోంది. "యానీ!" అని అరిచాను. వినబడలేదు. లిఫ్టు మీట నొక్కాను, కదల్లేదు. ఆ పాత లిఫ్టుల సంగతి తెలిసిందే. ఏ అంతస్తులోనో ఎవరో జాలీ తలుపు తెరిచి పెట్టేస్తే ఇక అది రాదు.

"లిఫ్టు!" అని బావిలోకి అరిచినట్టు అరిచాను. "తలుపు వెయ్యండి!"

"కూరగాయలు దింపుకుంటున్నామమ్మా," అని రెండో అంతస్తులోంచి ఎవరో ముసలాయన. "కొంపలేం మునగలేదుగా!"

మునుగుతోంది, నా కొంపే. మెట్లు దిగడం మొదలెట్టాను. మొదటి వరస కోపంతో దిగాను. నా చోటు అది. నా మోకాలు కోయించుకుని, కుట్టించుకుని, మూడేళ్ళు ఏడ్చి సంపాదించుకున్న చోటు. ఒక్క మాట పొరపాటున వస్తే ఇచ్చేస్తానా? ఏమనాలో కూడా అనుకున్నాను: ఒసేయ్ పిచ్చిమొహమా, థాంక్స్ అన్నానే, అంతే, అని. రెండో వరసలో మోకాలు పట్టుకుంది. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగాను. మూడో అంతస్తు మలుపు దగ్గర మంచి కాలి మీద నిలబడి ఊపిరి తీసుకోవలసి వచ్చింది. నొప్పికి కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ తర్వాత కొన్ని మెట్లు కూర్చుని, చేతులు ఆనించి, చంటిపిల్లలా దిగాను. కూరగాయల ముసలాయన క్యాబేజీ పట్టుకుని నన్ను చూసి, పాపం, తలుపు వేసేశాడు. అప్పటికి నాకు లిఫ్టు అక్కర్లేకపోయింది. ఏమైనా సరే కాళ్ళ మీదే దిగాలని పట్టుదల వచ్చింది.

దిగాను. కింద వీధి తలుపు దగ్గర యాని నిలబడి ఉంది.

నా కేక అందుకుందో, నేను మెట్టు మెట్టుకీ ఆగుతున్న చప్పుడు విందో, వెళ్ళకుండా ఆగిపోయింది. నా మొహం చూసింది. కట్టు ఊడి వేలాడుతున్న మోకాలు చూసింది. ఉత్త కాళ్ళతో ఉన్నాను, అదీ చూసింది.

"నువ్వు ఊరికే అన్నావు కదే," అంది. "థాంక్స్ అని. బయటి దేశాల్లో అంటారే, అలా."

నేనేమీ అనకముందే సంచీ భుజం మీంచి దించేసింది.

"నా బుర్రకి ఆశెక్కువ," అని నవ్వింది, రేడియోవాడి మాటకి నవ్వే నవ్వు. "పద. కట్టు మళ్ళీ కడతాను. నీ మ్యాచ్ మూడోది, ఇంకా బోలెడు టైముంది. ఐసు పెడదాం. నేను సంతకం పెట్టొచ్చి నీ పక్కనే కూర్చుంటా."

నాలుగంతస్తులు దిగింది ఆ మాట చెప్పించుకోడానికే. చెప్పేసింది కూడా. ఇంక అవునని తలూపితే చాలు. తల ఊగలేదు. నేను గొప్పదాన్నని కాదు. దేవుడెరుగు, నాకు ఆ కోర్టు ఎంత కావాలో. కానీ దిగుతున్నంతసేపూ నా మోకాలు నాకు చెబుతూనే ఉంది. దాన్ని వినకుండా ఉండగలిగేదాన్ని, చాలా ఏళ్ళు విననే లేదు. ఇప్పుడు ఆ చెప్పేది వింటున్నది నేనొక్కదాన్నే కాదు. కింద నిలబడి యాని కూడా విన్నది.

"ఊరికే అన్నానని ఎవరు చెప్పారే నీకు?" అన్నాను.

"నీ మొహం చెప్తోంది."

"నా మొహం ఎప్పుడూ ఇంతే. చాలనే అన్నాను."

"అబద్ధం. మొదటి బుర్రకేనా?"

"నువ్వు కలిపిన మాతే రెండోసారి ఎవడు తాగుతాడే? గడ్డి ఉడకబెట్టినట్టుంది." సంచీ కేసి చెయ్యి చూపించి అరిచాను. "ఇంకా నిలబడ్డావేంటి? సంతకం టైము దాటితే ఆ చోటు ఎవరో చెక్ దేశపు పిల్ల పట్టుకుపోతుంది. పరిగెత్తవే. నువ్వు పరిగెత్తగలవుగా!"

అది కదల్లేదు. ఊడిన కట్టు కేసి ఇంకోసారి చూసింది. సంచీ అందుకుని, తలుపు తోసుకుని, పరిగెత్తింది. వీధి మలుపు దాకా దాని పరుగు చూశాను. ఎంత బాగా పరిగెడుతుందో.

టాక్సీలో కోర్టుల దగ్గరికి చేరాను. అక్కడి డాక్టర్ చిన్నవాడు, మర్యాదస్తుడు. మోకాలు ఇటూ అటూ వంచాడు. అడక్కుండా ఉంటే బాగుండేది, అడిగాడు.

"ఇంజెక్షన్ ఇస్తే ఒక గంట, గంటన్నర నిలబడగలరు. తర్వాత సంగతి నేను చెప్పలేను. మీ ఊరివాళ్ళు బస్సులో వచ్చారట కదా. ఇమ్మంటారా?"

గంటన్నర. నాకు కావలసింది అందులో ఒక్క క్షణం. తలుపుకున్న అద్దంలోంచి యాని వీపు కనబడుతోంది. లోపలికి చూడకుండా గోడవైపు తిరిగి నిలబడింది. కుడి కాలి బూటు లేసు విప్పి, కట్టి, మళ్ళీ విప్పుతోంది.

"వద్దు," అన్నాను. ఆ మాట పైకి రావడానికి చాలాసేపు పట్టింది. డాక్టర్ ఓపిగ్గా ఉన్నాడు.

గ్యాలరీలోకి కుంటుకుంటూ వెళ్ళేసరికి మావాళ్ళు గుడ్డ విప్పేశారు. నా పేరు అంతెత్తు అక్షరాల్లో ఉంది. సంగతి చెప్పాను. డ్రమ్ము ఆగిపోయింది. ఇర్మా నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. డెబ్బై దాటినా చూపు మాత్రం గద్దదే.

"నొప్పికా, దాని కోసమా?"

"రెండూ."

"రెండూ ఒకేసారి పుట్టవే. ఏదో ఒకటి ముందు పుడుతుంది."

నేను మోకాలి కట్టు సర్దుకున్నాను. ఆవిడ ఇంకోసారి అడగలేదు. గుడ్డ కేసి తిరిగి, "ఏం చూస్తున్నార్రా? రెండో వైపు ఖాళీగానే ఉందిగా, తిప్పండి!" అని కసిరింది. ఎవరి దగ్గరా రంగు లేదు. ఆడవాళ్ళందరూ సంచులు వెతికి లిప్‌స్టిక్కులు తీశారు. యాని పేరు వంకరటింకర అక్షరాల్లో, ఆరు రకాల ఎరుపుల్లో వచ్చింది.

యాని కోర్టులోకి వచ్చింది. మమ్మల్ని వెతికింది, గుడ్డని చూసింది, వెంటనే చూపు తిప్పుకుంది. ఏడుస్తూ ఆడితే బంతి కనబడదని ఇర్మా నేర్పింది. అంపైర్ మైకులో పేరు చెప్పాడు: యనీనా పెరుత్తి, కొంకోర్దియా. జనం లేచి అరిచారు, వాళ్ళకి అది ఎవరో తెలియకపోయినా. నేనూ ఒంటికాలి మీద లేచి అరిచాను. మనసారా అరిచాను. దాని భుజం బిగుసుకోకూడదని, ఇవాళైనా గుమ్మం దాటాలని అరిచాను. అరుస్తున్నంతసేపూ ఆ చోట నేనుండాలని నా ప్రాణం కొట్టుకుంటూనే ఉంది. ఒకటి వచ్చి రెండోదాన్ని ఇసుమంత కూడా తగ్గించలేదు.

జనం సద్దుమణిగారు. యాని బంతిని నేలకి కొట్టింది, ఆపింది. ఇంకా ఏదీ మొదలవలేదు. అది బంతి పైకి ఎగరేసింది. నా చెయ్యి దానంతటదే లేచింది, తల దాటి వెనక్కి, రాకెట్ పట్టుకున్నట్టే. ఇర్మా కోర్టు మీంచి చూపు తిప్పకుండా ఆ చెయ్యి అందుకుంది, కిందికి దించి తన ఒళ్ళో పెట్టుకుంది, మొదటి సెట్టు అయ్యేదాకా వదల్లేదు.